మెతుకుల లెక్క - కుండల లెక్క

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకును వ్రేళ్ల నడుమ నొక్కి చూచిన చాలును. దీనిని మన పూర్వులు స్థాలీపులాక న్యాయమనిరి. స్థాలి యనగా కుండ, పులాకమనగా మెతుకు. ఈ న్యాయము ప్రతి వంటయింటను దినదినము చెల్లుచునే యున్నది గాని, అది యేల చెల్లుచున్నదో విచారించువారరుదు. ఆ మెతుకులన్నియు ఒకే ధాన్యపు గింజలు. ఒకే యెసట పడినవి. ఒకే పొయ్యిమీద, ఒకే మంటకు ఉడికినవి. కావుననే వానిలో ఒకటి తక్కిన వానికన్నిటికిని సాక్ష్యము చెప్పగలుగుచున్నది.

ఈ న్యాయమునకు రెండవ ప్రక్క యొకటి కలదు. ఒక వీధిలో నూరిండ్లున్నవనుకొందము. ఆ వీధిలో వంటలు ముగిసినవో లేదో చూచి రమ్మని ఒకనిని పంపితిమి. అతడు మొదటి యింటిలోనికి పోయి, అక్కడి కుండనుండియే నూరు మెతుకులు తీసి, ఒక్కొక్కటే నొక్కి చూచి, "నూటికి నూరును ఉడికినవి, వీధి యంతటను వంట ముగిసినది" అని చెప్పెను. అతడు నూరు మెతుకులు చూచినమాట అబద్ధము కాదు. కాని చూచిన కుండ ఒక్కటే. ఒక మెతుకు తన కుండను గూర్చి యెంత యెక్కువగా చెప్పునో, ఆ కుండలోని రెండవ మెతుకు క్రొత్తగా చెప్పగలిగినది అంత తక్కువ.

వినుటకిది పసివారికి చెప్పు మాటవలె నుండును. అయినను పెద్ద చదువులు చదివినవారును, ప్రభుత్వములకు సలహా చెప్పువారును ఈ తావుననే పలుమారు కాలు జారిరి. ఆ జారుటను గుర్తించి, సరియైన లెక్కను కుదుర్చుకొనుటకు సంఖ్యాశాస్త్రమునకు దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ చరిత్రయే నేటి ప్రసంగ విషయము. అందు తెలుగు విద్వాంసుల పాలును, తెలుగు పల్లెల పాలును కలదు.

ముందు మన ప్రాంతమునే చూడుడు. పూడిమడక మత్స్యకారులందరును ఒకే సముద్రమును నమ్ముకొని బ్రదుకుచున్నారు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు తీరమును దాటినపుడు, ఆ గాలి ఒక పడవను విడిచి ప్రక్క పడవను మాత్రమే కొట్టలేదు. కొండకర్ల ఆవలో నీరు నిండిన యేట దానినానుకొనిన రైతులకందరకును మేలు. ఎండిన యేట అందరకును కష్టము. బడిలోని మాటయు నట్టిదే. ఒక తరగతిలో నలువదిమంది పిల్లలు ఒకే తప్పు వ్రాసినచో, నలువదిమందియు ఎవరికి వారే పొరపడిరని ఏ యుపాధ్యాయుడును తలపడు. ఒకరిని చూచి యొకరు వ్రాసిరనియో, చెప్పినవారే తప్పు చెప్పిరనియో గ్రహించును.

ఇట్లు ఒకే కారణమునకు లోబడి, ఒకరి స్థితిని బట్టి వేరొకరి స్థితిని ఊహింపదగినట్లున్న గుంపును సంఖ్యాశాస్త్రమున సమూహమందురు. ఊరు, బడి, మండలము, ఆసుపత్రి, ఇల్లు - ఇవి యన్నియు సమూహములే. ఒక సమూహములోని వారు ఒకరినొకరు ఎంతవరకు పోలియుందురో చెప్పు అంకె యొకటి కలదు. దానికి అంతర్వర్గ సహసంబంధమని శాస్త్రనామము. మనము దానిని పోలికపాలు అని పిలుచుకొందము. పోలికపాలు సున్న యైనచో, ఒకే యూరివారైనను ఒకరితో నొకరికి పోలిక లేదన్నమాట. ఒకటి యైనచో, ఊరిలో ఒకనిని చూచిన అందరిని చూచినట్లే.

దీనిని లెక్కలో పెట్టి చూతము. ప్రతి సమూహమునను సమానముగా మనుష్యులున్నారనుకొని, ఒక సమూహములోని వారి సంఖ్యనుండి ఒకటి తీసివేసి, శేషమును పోలికపాలుతో గుణించి, దానికి ఒకటి కలుపవలెను. వచ్చినదానిచే మొత్తము మనుష్యుల సంఖ్యను భాగించినచో, నిజముగా మనకున్న సాక్షులెందరో తేలును. 100 ఊళ్లలో ఊరికి 20 మంది చొప్పున 2000 మంది పిల్లలను పరీక్షించితిమనుకొనుడు. పోలికపాలు ఐదింట ఒక వంతు, అనగా 0.2 అనుకొనుడు. 19ని 0.2చే గుణింప 3.8, ఒకటి కలుప 4.8. 2000ను 4.8చే భాగింప సుమారు 417. కాగితముమీద రెండువేల మంది యున్నను, సాక్ష్యమున నాలుగువందల పదునేడుగురే.

ఇక ఊళ్లు తగ్గి మనుష్యులు పెరిగినచో ఏమగునో చూడుడు. ఆరు ఊళ్లలో ఊరికి 50 మంది చొప్పున 300 మందిని తీసికొనిన, సాక్షులు 28 మంది. ఆ యారు ఊళ్లలోనే ఊరికి వేయిమంది చొప్పున 6000 మందిని పరీక్షించినను, సాక్షుల సంఖ్య ముప్పదికి నిండదు. అదే యూళ్లలో లక్షమందిని చేర్చినను ముప్పదిని దాటదు. పోలికపాలు మారనంతవరకు, ఊళ్ల సంఖ్యను దానిచే భాగించిన వచ్చునదే మేర. ఈ లెక్కలోని పోలికపాలు నేను ఉదాహరణకై తీసికొన్నది. ఒక్కొక్క విషయమున నది యొక్కొక్క విధముగా నుండును. కాని నీతి మాత్రము మారదు. ఉన్న కుండనుండియే మరికొన్ని మెతుకులు తీయుటకంటె క్రొత్త కుండలు వెదకుట మేలు.

ఈ నీతిని మన దేశమున మొదట నేర్పినది వరిచేను. 1923వ సంవత్సరము మొదలుకొని, నాటి బీహారు-ఒరిస్సా రాష్ట్రమున జాన్ హబ్బాక్ అను సివిల్ సర్వీసు అధికారి, వరి దిగుబడిని అధికారుల అంచనాలకు విడువక, యాదృచ్ఛికముగా ఎన్నుకొనిన మళ్లలో చిన్న చిన్న తావులను కోసి, తూచి తెలిసికొను పద్ధతిని నడపెను. ఆ పనిని 1927లో ప్రకటించెను. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు దానికి తొలి గవర్నరైనవాడును ఈతడే. పిమ్మట ప్రశాంతచంద్ర మహలనోబిసు 1931లో కలకత్తాలో భారత సంఖ్యాశాస్త్ర సంస్థను నెలకొల్పి, వంగదేశపు జనుముపంటను నమూనా పద్ధతిని కొలిపించెను. 1940ల నాటికి పాండురంగ సుఖాత్మే, పాన్సే మొదలగువారు వ్యవసాయ పరిశోధన మండలి పక్షమున పంటకోత ప్రయోగములను దేశమంతట విస్తరింపజేసిరి. ఈ ప్రయోగములలో మొదట ఊళ్లను, తరువాత ఊరిలో మళ్లను, తరువాత మడిలో కోయవలసిన తావును చీటీల వంటి పద్ధతిచేతనే ఎన్నుకొందురు. ఒక్క యూరిలోనే పది మళ్లు కోయుట సుళువే. అయినను సాధారణముగా ఊరికి రెండు మళ్లు మాత్రము కోసి, ఊళ్ల సంఖ్యను పెంచిరి. ఒకే యూరి మళ్లు ఒకే కాలువ నీరు త్రాగి, ఒకే వానకు తడిసినవని వారెరుగుదురు.

అదే కాలమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున లిండ్‌క్విస్ట్ అను విద్యాశాస్త్రజ్ఞుడు 1940లో ప్రకటించిన గ్రంథమున, బోధనపద్ధతులను పరీక్షించునపుడు పిల్లలను వేర్వేరుగా లెక్కించుట తగదనియు, తరగతినో బడినో ఒక అంకముగా తీసికొనవలెననియు బోధించెను. ఉపాధ్యాయలోకమునకు చెందినవాడే ఈ మాట తొలుదొల్త గట్టిగా చెప్పుట గమనింపదగినది. 1965లో లెస్లీ కిష్ అను పండితుడు తన నమూనాల గ్రంథమున పైని మనము చేసిన భాగహారమునకు ఒక పేరు పెట్టి, దానిని లోకమున స్థిరపరచెను. 1978లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అను అమెరికా సంఖ్యాశాస్త్రజ్ఞుడు, ఔషధాది పరీక్షలలో గుంపులకు చీటీలు వేసి, లెక్క మాత్రము మనుష్యులను బట్టి కట్టుట తన్ను తాను మోసగించుకొనుటయే యని హెచ్చరించెను.

ఈ సందర్భమున ఇద్దరు తెలుగువారిని స్మరింపవలెను. ఒకరు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన నాటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, విశాఖపట్టణమున చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున పట్టము పొంది, కలకత్తాకు పోయి మహలనోబిసుగారి సంస్థలో చేరిరి. 1945లో వారు ప్రకటించిన సిద్ధాంతము నేడు ప్రపంచమంతట వారి పేరనే చెల్లుచున్నది. ఒక నమూనానుండి ఎంత చతురతతో లెక్క కట్టినను, తప్పును ఒక మేరకంటె తగ్గింపలేమని ఆ సిద్ధాంతము చెప్పును. 1970లో వారే, ఒక్కొక్క కొలతలోని చెదురు ఒక్కొక్క విధముగా నున్నపుడు దానిని లెక్కకట్టు మార్గమును జూపిరి. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతిని స్వీకరించి, ఆ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన నూటరెండేండ్ల వయసున దివంగతులైరి. రెండవవారు ఆంధ్రదేశమున జన్మించి కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయమున స్థిరపడిన జె.ఎన్.కె. రావుగారు. సమూహములనుండి తీసిన నమూనాలలో, వాడుకలోనున్న పరీక్షలు ఎంత తప్పు త్రోవ పట్టించునో, వానిని ఎట్లు దిద్దవలెనో వారు అలస్టర్ స్కాట్ అను పండితునితో కలిసి 1981లో నిరూపించిరి. ఆ దిద్దుబాటు రావు-స్కాట్ సవరణ అను పేరనే వ్యవహారమున నున్నది.

ఇంతవరకు సగటుల మాట చెప్పితిని. నేడు ప్రభుత్వములు ఆధారపడు లెక్కలలో పెక్కు సగటులు కావు, ప్రతిగమనములు. దీనినే ఇంగ్లీషు చదివినవారు రిగ్రెషను అందురు. పందొమ్మిదవ శతాబ్దపు చివర గాల్టన్ అను ఆంగ్లేయుడు తల్లిదండ్రుల యెత్తునకును బిడ్డల యెత్తునకును గల సంబంధమును వెదకుచు దీనికి నాంది పలికెను. ఎరువు బస్తా యొకటి హెచ్చిన దిగుబడి యెంత హెచ్చును? ఉపాధ్యాయు డొకడు హెచ్చిన పిల్లల మార్కులెంత హెచ్చును? ఇట్టి ప్రశ్నలకు, చుక్కల నడుమ ఒక గీత గీచి జవాబు చెప్పుటయే ప్రతిగమనము. ఆ జవాబుతోకూడ "ఈ అంకె యింత వరకు అటునిటు కావచ్చును" అను హద్దు నొకదానిని చెప్పవలెను. దానిని కట్టుటకు వాడు కొలతకు ప్రామాణిక దోషమని పేరు. హద్దు చిన్నదైనచో జవాబు నమ్మదగినదందుము. పెద్దదైనచో వేచి చూడుడందుము. కావున జవాబు తప్పుటకంటె హద్దు తప్పుట ప్రమాదకరము. జవాబు సరియైనను హద్దు మిక్కిలి చిన్నదిగా చూపబడినచో, తెలియనిదానిని తెలిసినట్లు ప్రకటించినవారమగుదుము. అట్టి ప్రకటనమీద పన్నుల ధనము వెచ్చింపబడును. బడులు తెరవబడును, మూయబడును.

సమూహములున్నచోట ఈ హద్దును కట్టు మార్గమును తెలియజెప్పుటకు ఒక చిన్న లెక్క చాలును. గీత చెప్పిన దానికిని నిజమునకును గల తేడాను తప్పు అందము. ఒక యూరిలో నలుగురి తప్పులు, ఒక్కొక్కటి రెండేసి చొప్పున, అన్నియు హెచ్చువైపునకే యున్నవనుకొనుడు. పాత పద్ధతిని ఒక్కొక్క తప్పును వర్గము చేసి కూడిన, నాలుగు నాలుగులు పదునారు. క్రొత్త పద్ధతిని ముందు ఊరి తప్పులను కూడి, ఆ పిమ్మట వర్గము చేయవలెను. రెండు నాలుగులు ఎనిమిది. ఎనిమిది ఎనిమిదులు అరువదినాలుగు. నాలుగింతలు భేదము! ఆ నలుగురిలో ఇద్దరి తప్పులు హెచ్చువైపునకును, ఇద్దరివి తగ్గువైపునకును ఉన్నచో, కూడిక సున్నయగును. ఎవరి తప్పు వారిదైన ఊళ్లలో ఈ హెచ్చుతగ్గులు సర్దుకొని, పాత లెక్కకును క్రొత్త లెక్కకును సగటున తేడా యుండదు. ఒకరినొకరు పోలిన ఊళ్లలో మాత్రము క్రొత్త లెక్క, దాగియున్న సందేహమును వెలికి తీయును. ముందు కూడిక, తరువాత వర్గము: ఈ క్రమభేదమునందే మర్మమంతయు కలదు.

ఈ మార్గము ఒక్కనాట ఏర్పడలేదు. ఐకర్, హ్యూబర్ అనువారు 1960లలో దీనికి పునాది వేసిరి. 1980లో హాల్బర్ట్ వైట్ దానిని అర్థశాస్త్రమునకు తెచ్చెను. 1986లో లియాంగ్, జీగర్ అనువారు సమూహములకు అన్వయించిరి. ఆ సంవత్సరమే మౌల్టన్ అను అర్థశాస్త్రజ్ఞుడు ఈ దోషము ప్రతిగమనములలో ఎంత విస్తారముగా దాగియున్నదో వెల్లడించెను. 1990లో అతడే మరల, అమెరికా కార్మికుల కూలిని, కూలికి ఏమాత్రమును సంబంధింపని రాష్ట్రస్థాయి అంకెలతో ముడిపెట్టి చూడగా, పాత లెక్క ప్రకారము గొప్ప సంబంధము లున్నట్లే కానవచ్చెను. వేలకొలది కార్మికులున్నమాట నిజమే. కాని రాష్ట్రములు ఏబదియే గదా!

2004లో బెర్ట్రాండ్, డుఫ్లో, ముల్లైనాథన్ అను మువ్వురు ఇంకను గట్టి పరీక్ష చేసిరి. ఎన్నడును పుట్టని చట్టములను ఊహించి, అవి కొన్ని రాష్ట్రములలో కొన్ని సంవత్సరములనుండి అమలైనట్లు చీటీలతో నిర్ణయించి, స్త్రీల కూలిమీద వాని ఫలితమును లెక్కించిరి. లేని చట్టమునకు ఫలిత మెక్కడిది? లెక్క సరియైనదైనచో నూటికి ఐదుసార్లకంటె ఎక్కువ మోసపోరాదు. కాని వాడుక లెక్క నూటికి 45 సార్ల వరకు "ఈ చట్టము పనిచేసినది" అని చెప్పెను. ఒక రాష్ట్రమున నిరుడు కూలి హెచ్చుగా నున్నచో ఈ సంవత్సరమును హెచ్చుగానే యుండును. సంవత్సరములు వేరైనను కుండ యొక్కటే. ఆ నాటినుండి సమూహముల ప్రకారము హద్దు కట్టని వ్యాసమును అర్థశాస్త్ర పండితులు అనుమానముతోనే చదువుచున్నారు.

ఇక తెలుగు పల్లెల కథ. 2005లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఒక పెద్ద పరీక్ష ఆరంభమైనది. పిల్లలు బాగుగా నేర్చుకొనినచో ఉపాధ్యాయులకు కొంత అదనపు ధనమిచ్చుట ఉపకరించునా యను ప్రశ్నను కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనువారు చేపట్టిరి. రాష్ట్ర ప్రభుత్వము, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచ బ్యాంకు తోడ్పడినవి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడు ప్రాంతములనుండియు ఐదు జిల్లాలు, వానిలో 50 మండలములు, మండలమునకు పది చొప్పున 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఎన్నుకొనబడినవి. ప్రతి మండలమునను చీటీలు వేసి, రెండు బడులలో ఉపాధ్యాయులందరకును ఉమ్మడిగాను, రెండింటిలో ఎవరికి వారికిని బహుమానము ఏర్పాటు చేసిరి. రెండింటికి అదనపు ఉపాధ్యాయుని, రెండింటికి ధనసహాయము నిచ్చిరి. రెండింటిని ఉన్నవి ఉన్నట్లు విడిచిరి. బడి సగటు మార్కులు నూటికి ఐదు పాళ్లకు మించి పెరిగినచో, ఆ పైని ప్రతి పాలునకు 500 రూపాయలు బహుమానము. రెండేండ్లు గడచిన పిమ్మట, బహుమానము గల బడుల పిల్లలు, విడిచిన బడుల పిల్లలకంటె లెక్కలలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనములు మిన్నగా నుండిరి. ప్రామాణిక విచలనమనగా మార్కులు సగటునుండి ఎంత చెదరియున్నవో చెప్పు కొలత.

ఇక్కడ మనము గమనింపవలసినది వారు హద్దును కట్టిన విధము. వారి పట్టికలలో పిల్లలు వేలకొలది యున్నారు. కాని చీటి పడినది పిల్లవానికి కాదు, బడికి. ఆ బడిలోని వారందరును ఒకే పంతులుగారి చేతిలోనివారు. కావున వారు పిల్లలను విడివిడిగా సాక్షులుగా నిలుపక, బడిని సమూహముగా చేసి ప్రామాణిక దోషమును కట్టిరి. అట్లు కట్టిన పిమ్మటను ఆ ఫలితములు నిలిచినవి. 2011లో అచ్చుపడిన ఆ వ్యాసము నేడు దేశదేశముల పండితులు పేర్కొనునదైనది.

ఉపాధిహామీ కూలిని, పింఛనులను స్మార్టుకార్డుల మూలముగా చెల్లించు పద్ధతిని పరీక్షించినపుడు చీటి వేసినది మండలములకు. మన పొరుగు విజయనగరముతోకూడ ఎనిమిది జిల్లాలలోని 157 మండలములలో, 112 మండలములకు కార్డులు ముందు వచ్చినవి; 45 మండలములకు చివర వచ్చినవి. మురళీధరన్, నీహౌస్, సుఖ్‌తంకర్ అనువారు 2016లో దీని ఫలితములను ప్రకటించునపుడు మండలమునే సమూహముగా గొనిరి. చెల్లింపులు త్వరపడినవనియు, నడుమ జారిపోవు ధనము తగ్గినదనియు వారు కనుగొనిరి. బడికి చీటి వేసినచో బడిని, మండలమునకు చీటి వేసినచో మండలమును లెక్కింపవలెను. ఏ మెట్టున చీటి పడినదో ఆ మెట్టుననే సాక్ష్యము పుట్టును.

దీని వలన ప్రతి లెక్కను ఊరి ప్రకారమే కట్టవలెనని భ్రమపడరాదు. ప్రతి యూరిలోను పిల్లవానికి పిల్లవానికి వేరు వేరుగా చీటి వేసి, కొందరకు పుస్తకము లిచ్చి, కొందరకు ఇయ్యకున్నచో, ఊరి మేలుకీడులు ఇరువైపులవారికిని సమానముగానే తగులును. అప్పుడు ఊరిని సమూహము చేయుట సాధారణముగా అనవసరము. చేసినచో హద్దు లేనిపోనంత పెద్దదియగును. అబాదీ మొదలగు నలుగురు పండితులు 2023లో ఈ విషయమును విశదపరచిరి. అతిసందేహమును అతివిశ్వాసము వలెనే దోషము.

ఇంకొక చిక్కు కలదు. క్రొత్త లెక్క సమూహములు చాల యున్నపుడే చక్కగా పనిచేయును. ఐదారు సమూహములే యున్నచో అదియు హద్దును చిన్నదిగనే చూపును. దీనికి 2008లో కామెరాన్, గెల్బాక్, మిల్లర్ అనువారు ఒక యుపాయమును ప్రచారమునకు తెచ్చిరి. ఫలితమే లేదని యొక గీత గీచి, ప్రతి యూరి తప్పులను మూటగట్టి, ఊరికొక నాణెము ఎగురవేసి, బొమ్మ పడిన ఊరి తప్పులన్నిటిని తారుమారు చేసి, హెచ్చును తగ్గుగను తగ్గును హెచ్చుగను మార్చి, మరల లెక్క కట్టవలెను. ఇట్లు పెక్కుసార్లు చేసి, మనకు వచ్చిన ఫలితమంతటిది కాకతాళీయముగా ఎన్నిసార్లు వచ్చునో చూడవలెను. ఇది మంచి యుపాయమే. కాని ఆరు ఊళ్లకు ఆరు నాణెములు పడు విధములు 64కు మించవు. అరువదినాలుగు విధములనుండి వేయింట ఒకటి యను నిశ్చయమును పిండలేము. సాక్షులు లేనిచోట ఏ గణితమును సాక్షులను పుట్టింపదు.

ఈ మాట మన గడపకే తగిలినది. అచ్యుతాపురము, రాంబిల్లి మండలములలో ప్రత్యేక ఆర్థిక మండలము వెలసి, పొలములున్న తావుల కర్మాగారములు లేచినవి. భూములిచ్చిన కుటుంబములు ఎట్లున్నవి, ఆదాయము పెరిగినదా, ఆరోగ్యము తగ్గినదా యను ప్రశ్నలు ఈ ప్రాంతమువారికి ప్రాణప్రశ్నలు. ఒకడు వచ్చి ఈ వైపున రెండువేల యిండ్లను, కర్మాగారములు లేని పొరుగు మండలమున రెండువేల యిండ్లను విచారించి, "నాలుగువేల యిండ్ల సాక్ష్యముతో తేల్చితిని, కర్మాగారముల వలన మేలు" అనవచ్చును. వేరొకడు అదే విధమున "కీడు" అనవచ్చును. ఇద్దరును తూచినవి రెండు కుండలు. ఆ రెండు మండలముల నడుమ తేడా కర్మాగారముల వలననే వచ్చెనో, నేలయొక్క, నీటియొక్క, బాటయొక్క భేదమువలన వచ్చెనో ఆ నాలుగువేల యిండ్లును చెప్పజాలవు. కర్మాగారములు వచ్చిన మండలములను పెక్కింటిని, రాని మండలములను పెక్కింటిని, రాకముందును వచ్చిన పిమ్మటను చూచినగాని ఆ ప్రశ్నకు న్యాయమైన జవాబు దొరకదు. ఆ యిండ్ల విచారణ వ్యర్థమని నా యభిప్రాయము కాదు. ఈ యూళ్ల స్థితి యెట్లున్నదో అది చెప్పును; ఆ స్థితికి కారణ మేదో మాత్రము చెప్పదు.

గ్రామసభలలో అంకెలు చదువబడుట నానాటికి హెచ్చుచున్నది. ఇన్నివేల మందిని అడిగితిమి, ఇంత మేలు కలిగినది అని కాగితము చదివినపుడు, పెద్దలు నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. ఆ వేలమంది యెన్ని యూళ్లవారు, ఎన్ని బడులవారు? ఆ మేలు మనిషికి వేరుగా నీయబడినదా, ఊరి కంతటికి నీయబడినదా? దానిని పొందని ఊళ్లెన్నిటితో పోల్చిరి? హద్దును కట్టునపుడు ఊరిని లెక్కించిరా, తలలను లెక్కించిరా? ఈ ప్రశ్నలకు ఇంగ్లీషు చదువు అక్కరలేదు. తగవులు తీర్చునపుడు మన పెద్దలు ఇదే చేయుదురు. ఒకే యింటి పదుగురు ఒకే మాట చెప్పినచో దానిని పది సాక్ష్యములుగా గణింపక, వేరొక వీధినుండి, వాది ప్రతివాదులతో పొత్తులేని ఒక్కనిని పిలిపింతురు. శాస్త్రజ్ఞులు నూరేండ్లు శ్రమించి చేరిన తావు మన రచ్చబండకు అంత దూరమైనది కాదు.

ఒక్క మెతుకును చూచి కుండను తెలిసికొనుట పూర్వులు మనకిచ్చిన తెలివి. ఆ తెలివి కుండ అంచు దాటదని యెరుగుటయు అందు భాగమే. కావున ఇకమీదట ఎవరైనను మన ముందర మెతుకులు కుప్పపోసినపుడు, వానిని లెక్కించుటకు ముందు, ఇవి యెన్ని కుండలవో చెప్పుమని అడుగుదురుగాక యని కోరుచు విరమించుచున్నాను.